ఊద గడ్డి, గోడ వరుస

నా చిన్నప్పుడు నన్ను ఒక్క చోట కూర్చోబెట్టడం ఎవరి తరమూ అయ్యేది కాదు. అన్నం తింటూ తింటూ లేచేదాన్ని. జడ సగం అల్లాక లేచి వాకిట్లోకి పోయేదాన్ని. "దీని కాళ్లల్ల చాపలున్నయే" అనేది మా అవ్వ. మా నాయిన శామీర్‌పేట చెరువులో చేపలు పట్టేవాడు కాబట్టి ఆ మాటకు ఇంట్లో అందరూ నవ్వేవాళ్లు. ఇప్పుడు నాకు అరవై దాటాయి. మచ్చ బొల్లారంలో మూడో అంతస్తు ఇంట్లో ఉంటున్నాను. మెట్లు దిగాలంటే మోకాళ్లు ఒప్పుకోవు గానీ, ఆ కుదురులేనితనం మాత్రం ఒంట్లో అలాగే ఉంది. చిన్నప్పుడు దానికి కారణమంటూ ఉండేది కాదు. ఏడో తరగతిలో ఉండగా ఒక వానకాలం దానికి ఒక కారణాన్ని కూడా ఇచ్చిపోయింది.

మాది చెరువు కింద ఊరు. మగవాళ్లలో సగం మంది వలలు పట్టుకుని నీళ్లలోకి, ఆడవాళ్లు కూలికి మడుల్లోకి పోయేవాళ్లు. మా అవ్వ కలుపు తీసే ఆడవాళ్ల వరుసకు పెద్ద. ఆమె దిగితేనే మిగతావాళ్లు దిగేవాళ్లు, ఆమె నడుం ఎత్తితేనే అందరూ ఎత్తేవాళ్లు. నన్ను మాత్రం ఆ పనికి ఎప్పుడూ రానిచ్చేది కాదు. "నువ్వు సదువుకో" అనేది, అంతే.

ఆ ఏడు మా బడికి సైన్సు చెప్పడానికి ఒక కొత్త సారు వచ్చారు. పాతికేళ్లు ఉంటాయేమో. మేడ్చల్‌లో గది తీసుకుని రోజూ అంత దూరం సైకిల్ తొక్కుకుంటూ వచ్చేవారు. చొక్కా చెమటతో తడిసి ఉన్నా గదిలోకి వచ్చీ రాగానే సుద్దముక్క పట్టుకునేవారు. ఒకరోజు పుస్తకం మూసేసి, మా పాఠాల్లో లేని సంగతి ఒకటి చెప్పడం మొదలుపెట్టారు. బోర్డు మీద మనిషి చెయ్యి వేశారు. దాని పక్కన గబ్బిలం రెక్క, కప్ప ముందుకాలు, గుర్రం కాలు వేశారు. లోపలి ఎముకలకు రంగు సుద్దలతో రంగులు అద్దారు. అన్నింట్లోనూ అవే ఎముకలు. ఒకచోట పొడుగ్గా, ఒకచోట పొట్టిగా, ఒకచోట వేళ్ల మధ్య తోలు పరుచుకుని ఉన్నాయి. భూమ్మీద ప్రాణమున్నవన్నీ ఎంతో వెనక్కి వెళితే ఒకరికొకరు చుట్టాలేనని, తరాలు మారే కొద్దీ కొంచెం కొంచెం మారుతూ ఇన్ని రకాలయ్యాయని, దీన్ని పరిణామ సిద్ధాంతం అంటారని చెప్పారు. ఓడ ఎక్కి లోకమంతా తిరిగి వచ్చిన ఒక తెల్లాయన దీన్ని రాశాడట. అది చదివి లోకంలో కొందరు కోపంతో ఊగిపోయారట, కొందరు సంతోషం పట్టలేకపోయారట.

ఆ పూట గంట కొట్టేదాకా నేను లేవలేదు. పక్కన కూర్చున్న మా పక్కింటి పిల్ల నన్ను మోచేత్తో పొడిచి, "పానం మంచిగుందా?" అని అడిగింది. ఆ పిల్ల నాకంటే నెల చిన్నది. పుట్టినప్పటి నుంచి ఇద్దరం ఒకే వాకిట్లో ఆడుకున్నాం. ఇంటికి పోయి మా నాయినతో, చేపలూ మనమూ చుట్టాలమని చెప్పాను. వల చిక్కులు తీస్తున్న మా నాయిన తల ఎత్తి, "అయితే గిన్నేండ్ల సంది సుట్టాలను అమ్ముకుంటున్ననా?" అన్నాడు. మా అమ్మ నవ్వీ నవ్వీ కూలబడింది.

సారు రెండో రోజు చెప్పిన మాట నన్ను వేరేలా పట్టుకుంది. "పుట్టినవన్నీ బతకవు. తిండి కోసం, చోటు కోసం పోటీ ఉంటుంది. తగినది నిలుస్తుంది, తగనిది రాలిపోతుంది. ప్రకృతి ఏరుకుంటుంది. అందులో దయ ఉండదు, పగ ఉండదు." ఇది నాకు అక్షరం పొల్లుపోకుండా గుర్తుంది, ఎందుకంటే ఆ తర్వాత చాలా రోజులు నేను ఈ మాటల మీదే తిరిగాను, గానుగ చుట్టూ ఎద్దు తిరిగినట్టు.

పంద్రాగస్టు జెండా పండుగ అయిన వారానికి పరీక్ష పెట్టారు. ఏడో తరగతికి అప్పట్లో ఏడాది చివర పెద్ద పరీక్ష ఉండేది. అందులో ఎంతమంది తప్పితే సారుకు పైనుంచి అన్ని మాటలు. ఆయనకు అది మొదటి ఉద్యోగం. కొట్టే మనిషి కాదు, తిట్టే మనిషీ కాదు. కాగితాలు దిద్ది తెచ్చి, మంచి మార్కులు వచ్చినవాళ్లను ముందు బెంచీల మీద కూర్చోబెట్టారు. రానివాళ్లను వెనక గోడ వారగా కింద కూర్చోమన్నారు. "ముందున్నవాళ్లకు నేను చెప్తాను. వెనకున్నవాళ్లు వింటే వినండి. నేను కొత్తగా చేస్తున్నదేమీ లేదు, ప్రకృతి చేసే పనే చేస్తున్నాను" అన్నారు.

నేను గోడ వరుసలోకి పోయాను. సగం కాగితం రాసి, కూర్చోలేక, లేచి ఇచ్చేసినదాన్ని నేను. మా పక్కింటి పిల్ల కూడా నా వెనకే వచ్చింది. ఆమె చెల్లెలికి జ్వరం వచ్చి, పరీక్షకు ముందు నాలుగు రోజులు బడికి రాలేదు. చూస్తే గోడ పక్కన ఉన్నవాళ్లందరూ వలలోళ్ల పిల్లలు, కూలోళ్ల పిల్లలు. బెంచీల మీద పటేల్ పిల్లలు, దుకాణమోళ్ల పిల్లలు, రోడ్డు పక్క క్వార్టర్లలో ఉండే ఉద్యోగుల పిల్లలు. ఎవరూ అలా విడదీయలేదు, మార్కులే విడదీశాయి. అందుకేనేమో ఎవరికీ అందులో తప్పు కనిపించలేదు.

నాకూ కనిపించలేదు. సారు చెప్పిన సిద్ధాంతం మీద నాకు అంత ప్రేమ. అది నిజమని ఎముకలే చెప్తున్నప్పుడు, ఈ గోడ కూడా నిజమే అయి ఉండాలి కదా అనుకున్నాను. పక్కింటి పిల్ల నా చెవిలో, "అంటే మనం రాలిపోయేటోళ్లమా?" అని అడిగింది. "అవ్" అన్నాను. పన్నెండేళ్ల పిల్లను, ఇంకో పన్నెండేళ్ల పిల్లకు ఆ జవాబు నా నోటితోనే ఇచ్చాను.

మూడు రోజులు గోడకు ఆనుకుని కూర్చున్నాను. నాలుగో రోజు పొద్దున మా అవ్వతో, బడికి సెలవని అబద్ధం చెప్పాను. "నేను గూడ కలుపుకొస్త" అన్నాను. అవ్వ నా ముఖం వంక కాసేపు చూసింది. "నడువు మల్ల" అంది. ఎప్పుడూ రానివ్వని మనిషి ఆ రోజు ఎందుకు ఒప్పుకుందో నేను ఆలోచించలేదు.

చెరువు తూము కింద పొలం అది. నాటు వేసి నెల దాటింది. మడి నిండా మోకాలెత్తు పచ్చదనం, గాలి వీస్తే ఒకే పక్కకు వంగుతోంది. బురదలో కాళ్లు దిగబడుతుంటే మొదట హాయిగా అనిపించింది. ఇక్కడ కూర్చోమనేవాళ్లు ఎవరూ లేరు. అవ్వ నాకు మడిలో ఒక మూల చూపించి, "గిండ్ల ఊదను తియ్యి. వరిని ముట్టకు" అని చెప్పి వరుసలో కలిసింది.

ఊద గడ్డి నేను ఎరగనిది కాదు. కానీ ఆ మడిలో వంగి చూస్తే, నాకు కనిపించిందంతా వరే. లేదా అంతా ఊదే. అదే ఆకు, అదే ఎత్తు, అదే రంగు. పక్కన ఆడవాళ్లు మాట్లాడుకుంటూనే చకచకా పీకి గట్టు మీదికి విసురుతున్నారు. వాళ్ల చేతులకు ఏది తెలుస్తోందో నాకు అర్థం కాలేదు. అడగడానికి సిగ్గేసింది. బడిలో పనికిరాలేదు, ఇక్కడా పనికిరాకపోతే ఇంకెక్కడికి పోవాలి? చేతికి అందింది అందినట్టు పీకడం మొదలుపెట్టాను. పీకే కొద్దీ భయం ఎక్కువైంది. భయం ఎక్కువయ్యే కొద్దీ ఇంకా వేగంగా పీకాను.

బువ్వ పొద్దుకు అందరూ గట్టు ఎక్కారు. అవ్వ నేను పెట్టిన కుప్ప దగ్గరకు వచ్చి నిలబడింది. వంగి ఒక పిడికెడు తీసి చూసింది, ఇంకో పిడికెడు చూసింది. సగానికి సగం వరే. ఆ పొలం మాది కాదు. ఆసామి చూస్తే అవ్వ వరుసకు ఇంకెప్పుడూ పని ఉండదు. అవ్వ కుప్పలోంచి వరి మొక్కలు ఒక్కొక్కటే ఏరి కొంగులో వేసుకుంది. అందరూ సద్దిమూటలు విప్పుతుంటే తను ఒక్కతే మళ్లీ మడిలోకి దిగి, వాటిని బురదలో గుచ్చుకుంటూ పోయింది. ఆ ఆడవాళ్లందరూ చూశారు. నేను అన్నం ముద్ద చేతిలో పట్టుకుని అలాగే ఉన్నాను, నోట్లో పెట్టుకోలేదు.

"నాకు గిది గూడ రాదు" అన్నాను అవ్వ పైకి వచ్చాక.

"ఒక్క పూటకే వస్తదా?" అంది అవ్వ. తడిచేయి తుడుచుకుని, రెండు మొక్కలు తెచ్చి నా ఒళ్లో పెట్టింది. "కండ్లు మూసుకో. కండ్లను గిది మోసం జేస్తది, ఏలును జెయ్యది. ఆకు కాడకు అంటుకున్న చోట ముట్టు. సన్నగ నూగు లెక్క తగుల్తాందా?"

తగిలింది. రెండో మొక్కకు అక్కడ ఏమీ లేదు, నున్నగా ఉంది.

"గా నూగు వరికి చెవి అనుకో. వరికి చెవులుంటయి, ఊదకుండయి. గంతే."

ఆ మధ్యాహ్నం నేను ఒక్కో మొక్క దగ్గర ఆగి, వేలితో తడిమి, ఆ తర్వాతే పీకాను. మెల్లగా పోయాను. ఒకటో రెండో పొరపాట్లు చేశాను గానీ కుప్పలో వరి దాదాపు లేదు. పొద్దు వాలుతుండగా నా లోపల ఇంకొక ప్రశ్న లేచింది. "అవ్వా, గిది అచ్చం వరి లెక్క ఎందుకున్నదే?"

"మేమే జేసినం బిడ్డా" అంది అవ్వ, ఏదో కూర వండిన సంగతి చెప్పినట్టు.

నేను నమ్మలేదని తెలిసి, చేయి పట్టుకుని కాలువ గట్టు మీదికి తీసుకుపోయింది. ఎవరూ దున్నని, నాటని, కలుపు తీయని జాగా అది. అక్కడ ఊద గడ్డి దుబ్బులు దుబ్బులుగా నేలమీద పరుచుకుని ఉంది. మొదళ్లు ఎర్రగా ఉన్నాయి. పది అడుగుల దూరం నుంచి చూసినా ఇది వరి కాదని చంటిపిల్ల కూడా చెప్పగలదు.

"గిది గూడ ఊదనే, గా మడిల ఉన్నది గూడ ఊదనే. ఇగ ఇను. మా అవ్వ, దాని అవ్వ, గాళ్ల కంటె ముందటోళ్లు, అందరం గిదే పని జేసినం. ఎర్రగున్నదాన్ని పీకినం, అడ్డం పారినదాన్ని పీకినం. యాడన్న ఒకటి వరి లెక్క నిలువుగ, పచ్చగ ఉంటె కండ్లవడక తప్పించుకున్నది. తప్పించుకున్నదే గింజ వెట్టింది. దాని పిల్లలు దాని లెక్కనే ఉంటయి గద. మల్ల యేడు మల్ల పీకినం. గట్ల పీకంగ పీకంగ మడిల ఉన్నది గిట్లయింది. గీడ కాలువ కాడ ఎవలు పీకుతరు? అందుకే గిది దాని తీరుగ అదున్నది."

ఇది సారు చెప్పిందే. తరాలు, కొంచెం కొంచెం మారడం, నిలిచినది, రాలిపోయింది. అన్నీ ఇక్కడ నా కాళ్ల దగ్గరే ఉన్నాయి. కానీ ఏదో ఒకటి సరిపోవడం లేదు. ఊద మడిలో నిలిచింది కదా, మరి అదే తగినదా? నా చేత్తో పీకేసిన వరి తగనిదా? ఆ సాయంత్రం ఇంటికి పోయాక నేను వాకిట్లో ఎన్నిసార్లు అటూ ఇటూ తిరిగానో నాకే తెలియదు. పక్కింటి పిల్ల గోడ మీంచి తల పెట్టి, "బడికెందుకు రాలే?" అని అడిగింది. నా తల నిండా ఊదే ఉంది.

మర్నాడు పొద్దున మడిలోంచి ఒక ఊద దుబ్బు, కాలువ గట్టు నుంచి ఒక దుబ్బు, ఒక వరి దుబ్బు వేళ్లతో సహా తీసి, తడిగుడ్డలో చుట్టుకుని బడికి పోయాను. గోడ వరుసలో కూర్చోకుండా సీదా సారు బల్ల దగ్గరకు పోయి గుడ్డ విప్పాను. బురద ఆయన హాజరు పుస్తకం మీదికి కారింది. గదిలో అందరూ ఊపిరి బిగబట్టారు. అవ్వ చెప్పిందంతా ఒక్క గుక్కలో చెప్పేశాను. ఎక్కడ ఆగితే నోరు పెగలదో అని ఆగలేదు.

సారు పుస్తకం తుడుచుకోలేదు. మూడు దుబ్బులనూ పక్కపక్కన పెట్టుకుని, ఆకు మొదలు గోటితో విప్పి చూశారు.

"ఇది నీకు ఎవరు చెప్పారు?"

"మా అవ్వ సార్."

"ఏం చదివింది?"

"సదువుకోలే సార్."

ఆయన బడి వదిలాక సైకిల్ నడిపించుకుంటూ నా వెంట పొలానికి వచ్చారు. ప్యాంటు మోకాళ్ల దాకా మడిచి, చెప్పులు గట్టు మీద విడిచి, మడిలోకి దిగారు. ఆడవాళ్లు కొంగు అడ్డం పెట్టుకుని చూస్తున్నారు. ఆయన వంగి, చాలాసేపు వెతికి, "ఇది ఊద" అని ఒక మొక్క పీకి పైకి చూపించారు.

"గది వరి సారూ" అంది అవ్వ.

మడి మడంతా నవ్వింది. సారు కూడా నవ్వారు. పీకినదాన్ని మళ్లీ గుచ్చి, గట్టు ఎక్కి, చిన్నపిల్లవాడిలా అవ్వ ముందు కూర్చున్నారు. "అవ్వా, నేను దీన్ని పుస్తకాల్లో చదివాను, పరీక్షలు రాశాను, ఇన్నాళ్లుగా చెప్తున్నాను. కళ్లతో చూడటం ఇదే మొదటిసారి. ప్రకృతి ఏరుకోవడమంటే ఇదే" అన్నారు. ఆయన గొంతులో నిజమైన సంతోషం ఉంది.

అవ్వ నవ్వలేదు. "గిండ్ల ప్రకృతి ఏడుంది సారు? గీ మడిల ఉన్నయి మా చేతులు. మేం దేన్ని జూసి పీకితే గది పోయింది, దేన్ని గుర్తువట్టలేకపోయినమో గది మిగిలింది. మిగిలిందని ఊద గొప్పదైతదా, బువ్వ వెడ్తదా?" నా వైపు చూడకుండానే, "గీ పోరి గూడ మొదటి దినం నీ లెక్కనే వరిని పీకింది. నేను దాన్ని తీస్కపోయి గెట్టు మీద కూసోవెట్టలే సారూ" అంది.

సారు ముఖంలో నవ్వు ఆగిపోయింది. నేను తల వంచుకున్నాను. అవ్వకు గోడ వరుస సంగతి తెలుసు. నేను సెలవని అబద్ధం చెప్పిన పొద్దున్నే తెలుసు. పక్కింటి పిల్ల ముందు రోజే చెప్పేసిందట. చెప్తూ చెప్తూ ఏడ్చిందట కూడా.

ఇక్కడితో కథ అయిపోయి ఉంటే నేను ఇంత వయసులో దీన్ని తలుచుకుని ఇలా కుదురులేకుండా ఉండేదాన్ని కాదేమో.

మర్నాడు సారు గదిలోకి రాగానే నన్ను పేరు పెట్టి పిలిచారు. ఈ పిల్ల తన కళ్లతో చూసి, ఆలోచించి, నాకే పాఠం తెచ్చిందని అందరికీ చెప్పారు. "ఇలా రా, ముందు కూర్చో" అన్నారు. నేను లేచాను. పుస్తకాల సంచీ తీసుకుని, ముందు బెంచీ మీద కిటికీ పక్కన కూర్చున్నాను. ఎంత గర్వమో చెప్పలేను. ఆ రోజంతా ఒక్కసారి కూడా వెనక్కి తిరగలేదు. నేను గెలిచాననుకున్నాను.

సాయంత్రం అవ్వ చాటలో బియ్యం చెరుగుతుంటే ఎదురుగా కూర్చుని అంతా చెప్పాను. అవ్వ విన్నది. "మరి పక్కింటి పిల్ల?" అంది.

"అది గోడ కాడనే ఉన్నది."

"ఊఁ" అంది అవ్వ. మళ్లీ చాట ఎత్తింది.

ఆ ఒక్క 'ఊఁ' నన్ను తినేసింది. కోప్పడి ఉంటే బాగుండేది. అవ్వ ఏం అడగాలనుకుని ఆగిందో నాకు తెలుసు, నేను ఏం చెప్పలేనో ఆమెకు తెలుసు. సారు నన్ను ముందుకు పిలిచింది నేను గోడ పక్కన వాళ్లకంటే గొప్పదాన్నని కాదు. ఆయన మా మడిలోకి వచ్చారు, నన్ను చూశారు. పక్కింటి పిల్ల మడిలోకి ఎవరూ పోలేదు. చెల్లెలిని ఒళ్లో పెట్టుకుని జ్వరం తగ్గేదాకా ఎన్ని తడిగుడ్డలు మార్చిందో ఏ పరీక్ష అడుగుతుంది?

మరుసటి రోజు పొద్దున ముందు బెంచీ మీద కూర్చోలేకపోయాను. పాఠం మధ్యలో లేచి, సంచీ తీసుకుని, గోడ దగ్గరకు పోయి కింద కూర్చున్నాను. నా పక్కన చోటు ఖాళీగా ఉంది. మా పక్కింటి పిల్ల రాలేదు.

"ఏమైంది?" అన్నారు సారు.

నేను లేచి నిలబడ్డాను. "నేను గూడ వీళ్ల లెక్కనే సార్. మీరు మా అవ్వ మడికి వచ్చిన్రు గనక నేను కనవడ్డ. వీళ్ల దిక్కు ఎవరు సూడలే" అన్నాను. ఆ మాటలు ఎలా వచ్చాయో నాకు ఈనాటికీ తెలియదు.

సారు సుద్దముక్క బల్ల మీద పెట్టేశారు. ఆ రోజు పాఠం అక్కడే ఆగిపోయింది. మర్నాడు మేం వచ్చేసరికి బెంచీలన్నీ బయట వరండాలో ఉన్నాయి, అందరం గదిలో కిందే కూర్చున్నాం. ఆయన సుద్ద పట్టుకోకుండా మా మధ్య నిలబడి చెప్పారు. "నేను మీకు ఒక మాట తప్పుగా చెప్పాను. తగినది అంటే గొప్పది అని కాదు. ఆ చోటికి సరిపోయినది, అంతే. చోటు మారితే తగినది మారుతుంది. ఈ గది అనే చోటును తయారుచేసింది ప్రకృతి కాదు, నేను. నేను చేసినదాన్ని ప్రకృతి మీదికి తోసేశాను." ఎంతో చదువుకున్న మనిషి పిల్లల ముందు అలా ఒప్పుకోవడం నేను మళ్లీ ఎక్కడా చూడలేదు. ఆ సిద్ధాంతం పేరు చెప్పి దేశాలకు దేశాలే మనుషులను గోడ పక్కన కూర్చోబెట్టాయని, కొన్నిచోట్ల ప్రాణాలే తీశాయని నేను పెద్దయ్యాక చదివాను. చదివిన ప్రతిసారీ, తప్పయిందని ఒప్పుకున్న ఆ పాతికేళ్ల మనిషి గుర్తొచ్చారు.

కానీ పక్కింటి పిల్ల ఆ రోజు కూడా రాలేదు. సారు, నేను కలిసి వాళ్లింటికి పోయాం. వాళ్లమ్మ మర్యాదగానే చెప్పింది. బడిలో ఎట్లాగూ గోడకు కూర్చోబెడుతున్నారని పిల్లే చెప్పిందట, ఆ కూర్చునేదేదో పనిలో ఉంటే నయమని ద్రాక్ష తోటకు పంపిందట. "వచ్చే యేడు తోలుత సారు" అంది. సారు మళ్లీ రెండుసార్లు పోయి అడిగారు. వచ్చే యేడు రాలేదు. ఆ పిల్ల మళ్లీ బడి మెట్లు ఎక్కలేదు.

నేను ముందు బెంచీ మీద కిటికీ పక్కన కూర్చున్నది ఒక్క రోజు. ఆమె చివరిసారి బడికి వచ్చిందీ ఆ రోజే. ఆ రోజు నేను వెనక్కి తిరిగి ఒక్కసారి చూసి ఉంటే ఏమయ్యేదో నాకు తెలియదు. ఏమీ కాకపోయేదేమో.

నేను చదువుకున్నాను. జీవశాస్త్రం చెప్పే టీచరునై ఈ చుట్టుపక్కల బడుల్లోనే పనిచేశాను. పరిణామం పాఠం వచ్చినప్పుడల్లా పిల్లలను పొలానికి తీసుకుపోయేదాన్ని, పొలాలు ఉన్నంతకాలం. ఇప్పుడు ఆ మడుల్లో చాలావాటి మీద ప్లాట్ల రాళ్లు పాతారు. మా అవ్వ లేదు. సారు బదిలీ మీద బదిలీ అయ్యి ఎటు పోయారో తెలియలేదు. పక్కింటి పిల్ల మాత్రం ఉంది. మేడ్చల్‌లో కూరగాయల దుకాణం నడుపుతుంది. నేను చీటీ మీద రాసుకుని కూడుకునే లెక్క ఆమె నోటితో నాకంటే ముందే చెప్పేస్తుంది. ఒకసారి ధైర్యం చేసి ఆనాటి మాట ఎత్తాను. "ఇడ్సిపెట్టవే, గిప్పుడెందుకు గవన్ని" అని నా సంచిలో రెండు వంకాయలు ఎక్కువ వేసింది. క్షమించిందో మర్చిపోయిందో నేను అడగలేదు.

మా కింది ఇంట్లో కోస్తా నుంచి వచ్చిన ఒక ఉద్యోగస్తుల కుటుంబం ఉంది. వాళ్లమ్మాయి కండ్లకోయలో ఇంజనీరింగ్ చదువుతుంది. మొన్న కాలేజీకి వచ్చిన కంపెనీ ఆమె స్నేహితురాళ్లను ఉద్యోగాల్లోకి తీసుకుని ఆమెను వదిలేసింది. "ఏం చేస్తామండీ టీచర్ గారూ, పోటీ లోకం, తగినవాళ్లే నిలబడతారు" అన్నాడు వాళ్ల నాన్న మెట్ల దగ్గర. ఆ మాట అంటున్నప్పుడు ఆ పిల్ల అక్కడే ఉంది, చెప్పుల పట్టీ సరిచేసుకుంటున్నట్టు వంగి ఉంది. ఆయన చెడ్డవాడు కాదు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. తెల్లారి మోకాళ్లను లెక్కచేయకుండా కిందికి దిగి, ఆ అమ్మాయిని కూర్చోబెట్టుకుని, వాళ్లు నిన్ను ఏం అడిగారు, ఏం అడగలేదు అని మొదలుపెట్టాను. మధ్యాహ్నం దాకా మాట్లాడుకున్నాం.

నేను ఉద్యోగం నుంచి దిగిపోయిన రోజు బడిలో సన్మానం చేశారు. మైకులో నా పేరు పిలిచి వేదిక మీదికి రమ్మన్నారు. నేను రెండడుగులు వేసి, ఆగి, వెనక్కి తిరిగి చూశాను. "ఎవరి కోసం చూస్తున్నారు టీచర్?" అని ఒక పిల్లవాడు అడిగాడు. నలభై ఏళ్ల పైబడి అది నాకు అలవాటైపోయింది. ఎవరైనా నా పేరు పిలిచి ముందుకు రమ్మంటే, ముందు నా కళ్లు వెనక వరుసల మీదికి పోతాయి, ఎవరి చోటు ఖాళీగా ఉందో వెతుకుతాయి. అవి నన్ను కుదురుగా ఉండనివ్వవు. ఉండనివ్వకపోవడమే మంచిదనుకుంటాను.